జీకే జవాబు మీద గొడవొస్తే: ప్రశ్న మళ్లీ చదవడం నుంచి తీర్పు దాకా

వినాయక చవితి మూడో రోజు రాత్రి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో క్విజ్. నాలుగు జట్లు, ఒక బెల్లు, ఒక తెల్లబోర్డు, స్కోరు రాయడానికి ఇంటర్ చదివే అమ్మాయి. తొమ్మిదో ప్రశ్న కార్డు తీసి అడిగాను: "రాష్ట్రపతి అయిన మొదటి తెలుగువాడు ఎవరు?" కార్డు వెనక జవాబు నీలం సంజీవరెడ్డి అని ఉంది. బి జట్టు బెల్లు కొట్టి "సర్వేపల్లి రాధాకృష్ణన్" అంది. తప్పన్నాను. సి జట్టు "వి.వి. గిరి" అంది. అదీ తప్పన్నాను. అప్పుడు మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ తహసీల్దారు గారు కుర్చీలోంచి లేచారు. "బాబూ, రాధాకృష్ణన్ గారి ఇంట్లో ఏ భాష మాట్లాడుకునేవారో నీకు తెలుసా?" ఇంతలో వెనక నుంచి ఎవరో "జాకిర్ హుస్సేన్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే కదా" అని ఆజ్యం పోశారు. పులిహోర చల్లారిపోయింది. పిల్లలు నిద్రపోయారు. క్విజ్ తొమ్మిదో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి నిదానంగా చూసుకున్నాను. రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయ్యారు. తెలుగు కుటుంబం, పుట్టింది తిరుత్తణిలో. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది గానీ 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. జాకిర్ హుస్సేన్ 1967లో అయ్యారు, ఆయన తెలుగువారు కాదు గానీ పుట్టింది మాత్రం హైదరాబాద్. గిరి 1969లో అయ్యారు. ఆయనదీ తెలుగు కుటుంబమే, పుట్టిన బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉంది. సంజీవరెడ్డి 1977లో అయ్యారు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రిగా చేసి వెళ్లినవారు. తెలుగువాడు అంటే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడా, తెలుగు నేల మీద పుట్టినవాడా, మన రాష్ట్ర రాజకీయాల నుంచి ఢిల్లీ వెళ్లినవాడా? నా కార్డు ఆ సంగతి చెప్పలేదు. చెప్పని సంగతి మీద నేను రెండు జట్లకు తప్పు వేశాను.

ఆ తర్వాత చాలా క్విజ్‌లు నడిపాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలు కీ మీద అభ్యంతరాలు రాసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. జీకే గొడవల్లో ఎక్కువ భాగం జవాబులో ఉండవు, ప్రశ్నలోనే ఉంటాయి. అందుకే కింద చెప్పేవన్నీ ప్రశ్న దగ్గర్నుంచి మొదలవుతాయి. క్విజ్ ఆడేవాళ్లకీ నడిపేవాళ్లకీ పనికొస్తాయి. పరీక్ష రాసినవాళ్ల కోసం చివర్లో విడిగా ఒక భాగం ఉంది.

1. ముందు ప్రశ్నను గట్టిగా మళ్లీ చదివించండి

గొడవ మొదలవగానే అందరూ జవాబు మీద పడతారు. పడకండి. "సార్, ప్రశ్న ఇంకోసారి చదవండి" అని అడగండి, లేదా మీరే క్విజ్ మాస్టర్ అయితే కార్డు మీద ఉన్నది ఉన్నట్టు, మాట మార్చకుండా చదవండి. మొదటిసారి చదివినప్పుడు మనం సగం ప్రశ్న మాత్రమే వింటాం. మిగతా సగం మన బుర్ర అల్లేసుకుంటుంది.

చదివేటప్పుడు కొన్ని మాటల దగ్గర ఆగండి: మొదటి, పెద్ద, ఏకైక, అధికారిక, ప్రస్తుత. గొడవలకు పుట్టిల్లు ఇవే. "భాష ప్రాతిపదికన ఏర్పడిన మొదటి రాష్ట్రం ఏది?" అని అడిగితే తెలుగువాళ్లం కళ్లు మూసుకుని ఆంధ్ర అంటాం, 1953 అక్టోబర్ 1. ఒడిశా వాళ్లు ఒప్పుకోరు. వాళ్ల ప్రావిన్సు 1936 ఏప్రిల్ 1నే భాష పేరుతో ఏర్పడింది. "స్వతంత్ర భారతదేశంలో" అన్న రెండు మాటలు ప్రశ్నలో ఉంటే ఆంధ్ర, లేకపోతే మీ పొరుగు ఫ్లాట్ ఒడియా ఆయనకు కూడా ఒక ఛాన్స్ ఉంది.

ఇదే కుటుంబంలో ఇంకో ప్రశ్న ఉంది, మన దగ్గర తరచూ దెబ్బ తీసేది. "ఆంధ్ర మొదటి ముఖ్యమంత్రి ఎవరు?" ఆంధ్ర రాష్ట్రానికి అయితే టంగుటూరి ప్రకాశం, రాజధాని కర్నూలు. 1956 నవంబర్ 1న పుట్టిన ఆంధ్రప్రదేశ్‌కు అయితే నీలం సంజీవరెడ్డి, రాజధాని హైదరాబాద్. మామూలు మాటల్లో మనం రెంటినీ కలిపి "ఆంధ్రా" అనేస్తాం. క్విజ్‌లో ఆ సౌకర్యం ఉండదు.

ఆప్షన్లు ఉన్న ప్రశ్న అయితే ఆప్షన్లూ ప్రశ్నలో భాగమే. భాషా రాష్ట్రం ప్రశ్నకు ఆప్షన్లలో ఒడిశా లేనే లేదనుకోండి, ఇక వాదించడానికి ఏమీ మిగలదు. ఉన్న నాలుగింటిలో సరిపోయేది ఏదో అదే జవాబు.

2. గొడవ ఏ రకందో పట్టుకోండి

జ్వరమొస్తే డాక్టరు ముందు ఏ జ్వరమో చూస్తాడు. ఇక్కడా అంతే. రకం తెలిస్తే మందు తెలుస్తుంది.

మాట అర్థం మీద గొడవ. టమాటా పండా, కూరగాయా? ఇది పిల్లల జట్టుకూ అమ్మల జట్టుకూ మధ్య ఎప్పుడూ ఉండేదే. వృక్షశాస్త్రం లెక్కన పండు, వంటింటి లెక్కన కూరగాయ. 1893లో అమెరికా సుప్రీంకోర్టే దీని మీద తీర్పు చెప్పింది. దిగుమతి సుంకం కూరగాయల మీద ఉంది, పండ్ల మీద లేదు. వ్యాపారి పండంటాడు, సుంకం వాళ్లు కూరగాయంటారు. జనం భోజనంలో దాన్ని ఎలా వాడతారో చూసి కోర్టు కూరగాయ కింద లెక్క కట్టింది. శాస్త్రం ప్రకారం పండేనని ఒప్పుకుంటూనే! ఇలాంటి గొడవలో "ఎవరి లెక్కన?" అని అడిగితే చాలు.

లెక్కపెట్టడం మీద గొడవ. పొట్టి శ్రీరాములు ఎన్ని రోజులు నిరాహార దీక్ష చేశారు? 1952 అక్టోబర్ 19న మొదలుపెట్టారు, డిసెంబర్ 15 రాత్రి ప్రాణం విడిచారు. వేళ్ల మీద చూడండి: అక్టోబర్‌లో 19 నుంచి 31 దాకా 13 రోజులు, నవంబర్ 30, డిసెంబర్ 15. మొత్తం 58. కానీ ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేసి లెక్క వేసేవాడికి 57 వస్తుంది, ఎందుకంటే అతను మొదటి రోజును లెక్కలోకి తీసుకోలేదు. ఇద్దరికీ తేదీలు తెలుసు, ఇద్దరికీ కూడిక వచ్చు. ఇక్కడ పుస్తకాలు వెతుక్కుంటూ కూర్చోకండి, బోర్డు మీద తేదీలు రాసి లెక్కపెట్టండి. అరనిమిషంలో తేలిపోతుంది. మన తెలుగు పుస్తకాల్లో 58 అనే చదువుకుంటాం, దీక్ష మొదలైన రోజు కూడా దీక్షే కాబట్టి అదే న్యాయం అని నా అభిప్రాయం.

కొలత మీద గొడవ. గోదావరి 1,465 కిలోమీటర్లు, గంగ 2,525. "దేశంలో పొడవైన నది గంగ" అనగానే ఎవరో సింధు, బ్రహ్మపుత్ర అంతకన్నా పొడవు కదా అంటారు. మొత్తం పొడవు తీసుకుంటే నిజమే, కానీ వాటిలో చాలా భాగం టిబెట్లోనో పాకిస్తాన్‌లోనో పారుతుంది. నైలు, అమెజాన్ గొడవ ఇంకా పెద్దది. నదికి మొదలు ఎక్కడ, సముద్రంలో కలిసే చోటు ఎక్కడ అన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. పుస్తకాల్లో నైలే ముందు. బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2007లో అమెజానే పొడవని లెక్క తేల్చారు. క్విజ్‌లో ఇది అడగకపోవడమే మంచిది.

అందరూ నమ్మేదాని మీద గొడవ. మన జాతీయ క్రీడ హాకీ అని మనమంతా బళ్లో చదువుకున్నాం. 2012లో ఒక బడిపిల్ల సమాచార హక్కు కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖ జవాబిచ్చింది. జాతీయ భాష కూడా అలాంటిదే. రాజ్యాంగం 343వ అధికరణం హిందీని కేంద్రానికి అధికార భాష అంది, జాతీయ భాష అనలేదు. చైనా గోడ అంతరిక్షం నుంచి కనిపిస్తుందన్నదీ ఇదే కోవ. 2003లో రోదసికి వెళ్లొచ్చిన చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లివే తనకు గోడ కనిపించలేదని చెప్పాడు. ఇలాంటి చోట సంఖ్యాబలం పనికిరాదు. సెల్లార్‌లో అరవై మంది హాకీ అని చేతులెత్తినా సరే.

ఇక చివరి రకం, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది: ఇద్దరూ కరెక్టే. "దేశభాషలందు తెలుగు లెస్స" అన్నది ఎవరు? శ్రీకృష్ణదేవరాయలు అని పది మందీ చెబుతారు. ఆముక్తమాల్యదలో ఆ మాట ఉంది. కానీ అంతకన్నా ముందుదైన క్రీడాభిరామంలోనూ ఉంది, "జనని సంస్కృతంబు సకల భాషలకును" అని మొదలయ్యే పద్యంలో. ఆ పుస్తకం వినుకొండ వల్లభరాయడిదని అంటారు, శ్రీనాథుడిదేనని వాదించేవాళ్లూ ఉన్నారు. అంటే ఈ ఒక్క ప్రశ్నలో గొడవ లోపల ఇంకో గొడవ ఉంది. తెలుగు మాస్టారు ఎవరైనా జట్టులో ఉంటే ఈ ప్రశ్న అడిగి బతికి బట్టకట్టలేం.

3. తారీఖు అడగండి

జీకేలో చాలా జవాబులకు పాలప్యాకెట్ మీద ఉన్నట్టు ఒక తేదీ ఉంటుంది. మనం ఆ తేదీ చూడం.

తెలంగాణలో జిల్లాలెన్ని? 2014 జూన్ 2న పది. 2016 దసరా నాటికి 31. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33. ఆంధ్రప్రదేశ్ 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఈ ప్రశ్న ఎవరు అడిగినా "ఏ తేదీ నాటికి?" అని తిరిగి అడగండి.

జిల్లాలు పెరుగుతాయని అందరికీ తెలుసు. సముద్ర తీరం పెరుగుతుందా? ఇక్కడే మొన్నామధ్య మా క్విజ్‌లో ఒక ఇంజినీరింగ్ కుర్రాడికీ ఒక సోషల్ టీచరుకూ పెద్ద రగడ జరిగింది. "అత్యధిక తీర రేఖ ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ స్థానం ఎంత?" టీచరు గారు రెండో స్థానం అన్నారు, 974 కిలోమీటర్లు. ఇన్నేళ్లుగా పిల్లలకు చెప్పింది అదే. కుర్రాడు మూడో స్థానం అన్నాడు, 1,053 కిలోమీటర్లు. తీరం పెరిగితే స్థానం ఎలా పడిపోతుందని టీచరు గారు నవ్వారు. ఇద్దరి అంకెలూ ప్రభుత్వానివే. దేశం తీర రేఖను ఈమధ్య కొత్తగా కొలిచారు. పాత లెక్క మొత్తం 7,516 కిలోమీటర్లు, కొత్తది 11,098. తీరం వంకరటింకరగా ఉంటుంది కదా, పెద్ద పెద్ద అడుగులేసి కొలిస్తే మలుపులన్నీ తప్పిపోతాయి, చిన్న అడుగులతో కొలిస్తే ప్రతి కయ్య, ప్రతి పాయ లెక్కలోకి వస్తుంది. అలా మనది 974 నుంచి 1,053కి పెరిగింది. తమిళనాడుది మాత్రం 907 నుంచి 1,069కి పెరిగి మనల్ని దాటేసింది. గుజరాత్ ఎప్పటిలాగే మొదటి స్థానం. టీచరు గారు నమ్మడానికి టైమ్ పట్టింది. నమ్మాక మాత్రం మర్నాడే తన నోట్స్ దిద్దుకున్నారని తెలిసింది.

ఆకాశంలో కూడా ఇదే వరస. ఉపగ్రహాలు ఎక్కువ ఉన్న గ్రహం ఏది? 2023 మొదట్లో కొన్ని నెలలు గురుగ్రహం, ఆ ఏడాదే మళ్లీ శనిగ్రహం. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి ఒప్పుకోవడంతో శనికి 274 అయ్యాయి. ఐదేళ్ల నాటి బిట్ బ్యాంక్ చదివి వచ్చిన వాడి తప్పేమీ లేదు, పుస్తకం వయసు తప్పు.

4. ఆధారం ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి నడవండి

ఇప్పుడు ఫోన్లు తీస్తారు. తియ్యనివ్వండి, కానీ తెరమీద మొదట కనిపించిన వాక్యం గట్టిగా చదివేసి గెలిచామనుకునే వాళ్లను ఆపండి. అడగాల్సింది ఒక్కటే: ఈ మాట మొదట ఎవరు రాశారు, వాళ్లకెలా తెలుసు?

దీనికి మన తెలుగు సినిమా చరిత్రలోనే అద్దంలాంటి ఉదాహరణ ఉంది. తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద. హెచ్.ఎం. రెడ్డి తీశారు. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో, పత్రికల్లో, బిట్ బ్యాంకుల్లో అచ్చవుతూ వచ్చింది. ఆ తేదీన తెలుగు సినిమా పుట్టినరోజు జరుపుకున్నారు కూడా. తర్వాత సినీ పరిశోధకుడు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి తీస్తే, ఆ సినిమాకు సెన్సార్ అయిందే 1932 జనవరి 22న అని తేలింది. సెన్సార్ కాకముందు విడుదల ఎలా అవుతుంది? బొంబాయిలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని ఆయన తేల్చారు. వంద పుస్తకాలు ఒక తేదీ చెప్పాయి, ఒక సెన్సార్ కాగితం ఇంకో తేదీ చెప్పింది. కాగితమే గెలిచింది. ఎందుకంటే ఆ వంద పుస్తకాలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి. వంద సాక్షులు కాదు, ఒకే సాక్షి వందసార్లు.

పైన "తొలి పూర్తి తెలుగు టాకీ" అన్నప్పుడు "పూర్తి" అన్న మాట ఎందుకు పెట్టానో గమనించారా? 1931 అక్టోబర్ 31న వచ్చిన కాళిదాస్‌లో కథానాయిక తమిళంలో మాట్లాడితే కథానాయకుడు తెలుగులో మాట్లాడాడు. ఆ ఒక్క మాట లేకపోతే మద్రాసు నుంచి కొత్త గొడవ దిగుతుంది.

చూసి రాసుకోవడం ఎంత దూరం పోతుందంటే, అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనే ఆయన ట్రివియా పుస్తకం, అంటే చిన్నాచితకా జీకే సంగతుల పుస్తకం రాస్తూ కావాలనే ఒక అబద్ధం ఇరికించాడు. కొలంబో అనే టీవీ డిటెక్టివ్ మొదటి పేరు ఫిలిప్ అని. తన పుస్తకం నుంచి ఎవరైనా ఎత్తితే ఆ ఫిలిప్పే పట్టిస్తాడని ప్లాన్. కొన్నాళ్లకు ట్రివియల్ పర్స్యూట్ అనే ఆట డబ్బాలో ఫిలిప్ ప్రత్యక్షమయ్యాడు. ఆయన 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు, ఓడిపోయాడు. నిజాలు ఎవరి సొత్తూ కాదు అని కోర్టు అంది. నవ్వొచ్చే సంగతేంటంటే, ఆ సీరియల్ చూసి ఫిలిప్ అన్న జవాబును సవాలు చేసేవాడు ఆట కార్డు చూపించగానే నోరు మూసుకోవాల్సి వచ్చేది.

ఆధారాల్లో నేను పాటించే వరస ఇది. చట్టం, జీవో, గెజిట్, రాజ్యాంగం, జనాభా లెక్కలు లాంటి అసలు కాగితం అన్నిటికన్నా పైన. ఆ పని చేసే సంస్థ చెప్పింది తర్వాత. గ్రహాల సంగతి ఖగోళ సంఘాన్ని, ఎత్తుల సంగతి సర్వే వాళ్లను అడగాలి. ఆ తర్వాత తెలుగు అకాడమీ, ఎన్‌సీఈఆర్‌టీ లాంటి పాఠ్యపుస్తకాలు, నికరమైన విజ్ఞాన సర్వస్వాలు. వికీపీడియాను నేరుగా చూపించకండి, అందులో కింద ఇచ్చిన ఆధారాన్ని తెరిచి దాన్ని చూపించండి. వాట్సాప్ ఫార్వర్డ్, కోచింగ్ మెటీరియల్, యూట్యూబ్ వీడియో... వీటిని గుర్తు తెచ్చుకోవడానికి వాడుకోండి, రుజువుకు కాదు.

ఏఐ చాట్‌బాట్‌ను అడిగేవాళ్లు ఇప్పుడు ప్రతి జట్టులోనూ ఉన్నారు. ఎలా అడుగుతున్నారో వినండి. "మొదటి తెలుగు రాష్ట్రపతి గిరి గారే కదా?" అని అడిగితే మొహమాటం ఉన్న చుట్టంలా అవునని తలాడించే ప్రమాదం ఉంది. అడిగేదేదో పక్షం లేకుండా అడిగి, అది ఏ కాగితం చూపిస్తుందో ఆ కాగితం దాకా వెళ్లండి.

5. వాదించేటప్పుడు

జట్టుకు ఒక్కరే మాట్లాడాలి, రెండు నిమిషాలకు మించకూడదు. ప్రేక్షకులకు గొంతు లేదు. ఈ మూడూ క్విజ్ మొదలయ్యే ముందే చెప్పెయ్యండి. గొడవ మధ్యలో చెబితే అదొక కొత్త గొడవ.

మాట్లాడేవాళ్లు ఎదుటివాళ్ల జవాబులో నిజం ఎంతుందో ముందు చెప్పగలిగితే పని సులువవుతుంది. మా తహసీల్దారు గారితో "మీరు తప్పండీ" అంటే ఇక ఆ ఏడాది లడ్డూ వేలం దాకా మాట్లాడరు. "అంకుల్, తెలుగు మాట్లాడే కుటుంబం అనుకుంటే మీరన్నదే కరెక్టు. ప్రశ్నలో ఆంధ్రప్రదేశ్ నుంచి అని ఉద్దేశమేమో అని నా డౌటు" అంటే ఆయన కూర్చుంటారు, కాఫీ కూడా పంపిస్తారు. చిన్నపిల్లల జట్టు సవాలు చేస్తే మాత్రం పెద్దవాళ్లు "నీకేం తెలుసురా" అని కొట్టిపారెయ్యడం చూశాను. పై తీర రేఖ గొడవలో కరెక్టు చెప్పింది ఆ కుర్రాడే.

మీ దగ్గర కాగితం లేకపోతే ఒప్పేసుకోండి. "నాకు గుర్తున్నది ఇది, చూపించలేను" అనడంలో పరువు పోయేదేమీ లేదు.

6. తీర్పు

క్విజ్ మాస్టర్‌కు ఒక ఆధారం కావాలంటే సుప్రీంకోర్టు 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో చెప్పిన పద్ధతి ఉంది. మెడికల్ ఎంట్రన్స్ కీ మీద పుట్టిన గొడవ అది. కీలో ఇచ్చిన జవాబు సరైనదనే అనుకోవాలి. అది తప్పని తేటతెల్లంగా రుజువైతేనే పక్కన పెట్టాలి, ఊహలు అల్లి, తర్కం సాగదీసి తప్పని చెప్పకూడదు. సెల్లార్ క్విజ్‌కు కూడా ఇది చక్కగా అతుకుతుంది. సందేహం ఉంటే కార్డుదే గెలుపు. సందేహమే లేకుండా కార్డు తప్పైతే కార్డు ఓడాలి.

కార్డు తప్పని తేలితే, మొదట సరైన జవాబు చెప్పిన జట్టుకు మార్కులివ్వండి. ఆ ప్రశ్న పాసై ఇంకో జట్టు బోనస్ కొట్టేసి ఉంటే? తర్వాతి ప్రశ్న చదవకముందు తేలితే బోనస్ వెనక్కి తీసుకుంటాను. రెండు మూడు ప్రశ్నలు దాటాక తేలితే మొదటి జట్టుకు కలుపుతాను గానీ రెండో జట్టు నుంచి తీయను. ఇచ్చిన మార్కు అరగంట తర్వాత లాక్కుంటే ఆ జట్టు ఆట చెడిపోతుంది. ఇది న్యాయం కాదనేవాళ్లున్నారు, వాళ్లు నడిపినప్పుడు వాళ్లిష్టం.

రెండు జవాబులూ నిలబడితే రెంటికీ ఇవ్వండి. ప్రశ్నే విరిగిపోయి ఉంటే రద్దు చేసి, అదే జట్టుకు వేరే ప్రశ్న వెయ్యండి. అందుకే ఐదారు అదనపు కార్డులు జేబులో ఉండాలి. అంకెల ప్రశ్నలకు ఎంత తేడా ఒప్పుకుంటారో ముందే రాసుకోండి. ఎవరెస్ట్‌కు నేపాల్, చైనా 2020లో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. 8,848 అన్నా 8,849 అన్నా ఒప్పుకోకపోతే అది పిసినారితనం.

తీర్పు చెప్పాక స్కోరు మార్చి, బోర్డు అందరికీ చూపించి, వెంటనే తర్వాతి ప్రశ్న చదివెయ్యండి. గాలి ఆడనివ్వకూడదు.

7. ఇది పరీక్ష కీ అయితే

ఇక్కడ పులిహోర లేదు, ఉద్యోగం ఉంది. అర మార్కు తేడాతో పోస్టు పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఆ టెన్షన్ వేరు. సర్వీస్ కమిషన్లు ముందు ప్రాథమిక కీ పెట్టి, కొన్ని రోజులు గడువిచ్చి, వెబ్‌సైట్‌లోనే అభ్యంతరాలు తీసుకుంటాయి. నిపుణులు చూశాక తుది కీ వస్తుంది. జేఈఈ లాంటి పరీక్షల్లో ప్రశ్నకు 200 రూపాయల చొప్పున కట్టించుకున్నారు కూడా. కాబట్టి గట్టి ఆధారం ఉన్నవే పెట్టండి. ముప్పై ప్రశ్నలకు అభ్యంతరం పెడితే ముప్పైలో ఏది అసలుదో ఎవరికీ అర్థం కాదు.

ముందు మీ పేపర్ కోడ్‌లోని ప్రశ్న నంబరు, కమిషన్ కీ ఇచ్చిన పేపర్‌లోని నంబరు ఒకటేనా చూసుకోండి. సెట్లు మారితే ఆప్షన్ల వరస మారుతుంది. గోల్డులాంటి అభ్యంతరం పక్క ప్రశ్నకు వెళ్లిపోయిన సంగతి నాకు తెలుసు. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న పేపర్‌లో తేడా కనిపిస్తే ఏ భాషను ప్రామాణికంగా తీసుకుంటారో పేపరు మీది సూచనల్లో ఉంటుంది. చాలాసార్లు అది ఇంగ్లిషే.

రాసే తీరు ఇలా ఉండాలి. ఊరికే ఉదాహరణకు, జాతీయ క్రీడ ఏది అని అడిగి, కీలో హాకీ ఇచ్చి, నాలుగో ఆప్షన్ "అధికారికంగా ప్రకటించలేదు" అని ఉందనుకుందాం:

"ప్రశ్న 47. ప్రాథమిక కీ: 1. కోరుతున్న సవరణ: 4. కారణం: ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖ 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. ప్రతి జతపరిచాను, సంబంధిత వాక్యం కింద గీత గీశాను."

అంతే. ఇంతకన్నా అక్కర్లేదు. "సార్, మాది పేద కుటుంబం, ఈ ఒక్క మార్కు వల్ల..." అని మొదలుపెట్టి ఒకటిన్నర పేజీ రాసిన అభ్యంతరం నా చేతికి వచ్చింది. చదివితే కళ్లు చెమ్మగిల్లాయి, కానీ ఆధారం ఏదీ అంటే ఒక గైడులోని పేజీ ఫోటో. అభ్యంతరం చూసే నిపుణుడికి మీరెవరో తెలియదు, తెలియకూడదు కూడా. కాగితం మాత్రమే మాట్లాడాలి.

పుస్తకం జతచేస్తే కవర్ పేజీ, ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ, అసలు పేజీ మూడూ పెట్టండి. మీరు కోరేది కీ మార్చడమా, రెండు జవాబులూ ఒప్పుకోవడమా, ప్రశ్న తొలగించడమా తేల్చి చెప్పండి. పై ఉదాహరణలో నాలుగో ఆప్షన్ లేకపోతే కీ మార్చమని అడగడానికి ఏమీ లేదు, తొలగించమనే అడగాలి. తుది కీ మీద కోర్టుకు వెళ్లాలనుకునేవాళ్లు పైన చెప్పిన 1983 తీర్పుతో పాటు 2017 డిసెంబర్‌లో వచ్చిన రణ్ విజయ్ సింగ్ తీర్పు కూడా లాయరు దగ్గర చదివించుకోండి. సందేహం ఉంటే దాని లాభం పరీక్ష పెట్టిన వాళ్లకే ఇవ్వాలని, జవాబులు దిద్దే పని జడ్జీలు నెత్తినేసుకోకూడదని సుప్రీంకోర్టు అందులో గట్టిగా చెప్పింది.

8. వచ్చే ఏడాది కార్డులు రాసుకునేటప్పుడు

ప్రశ్న రాశాక దాన్ని ఓడించడానికి మీరే ప్రయత్నించండి. పది నిమిషాలు చాలు. ప్రతి కార్డు వెనక జవాబుతో పాటు ఆధారం, అది చూసిన తేదీ, ఒప్పుకోదగిన ఇతర జవాబులు రాయండి. "మొదటి" అని రాయాల్సి వస్తే దేనిలో మొదటిదో రాయండి. తర్వాత ఒక గొడవల మనిషికి చూపించండి. ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరుంటారు. మా దగ్గర ఎవరో మీకు తెలుసు.

మరుసటి చవితికి ముందు కార్డులన్నీ పట్టుకుని మూడో అంతస్తుకు వెళ్లాను. ఆ పాత ప్రశ్నను తిరగరాశాను: "ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసి తర్వాత రాష్ట్రపతి అయినవారు ఎవరు?" తహసీల్దారు గారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. బాగుందన్నారు. కార్డు నా చేతికిస్తూ, "ఆయన రెండుసార్లు చేశారు కదా ముఖ్యమంత్రిగా, ఏ సంవత్సరాల్లో అని అనుబంధ ప్రశ్న వెయ్యి" అన్నారు. 1956 నుంచి 60 దాకా ఒకసారి, 1962 నుంచి 64 దాకా ఒకసారి అని నేను గబగబా చెప్పాను. ఆయన లోపలికి తిరిగి, "ఆ పాత డైరీ ఎక్కడుందే, ఒకసారి చూడాలి" అని పిన్నిగారిని కేకేశారు.